హావర్త్ గుట్టల మీద హెదర్ పూసింది

మా నరసరావుపేటలో ఏప్రిల్ నెలంటే పొద్దున తొమ్మిదింటికే కిటికీలు మూసేసుకుంటాం. అదే ఏప్రిల్లో, 2024లో, మాంచెస్టర్ విమానాశ్రయం బయటికి అడుగుపెడితే పళ్లు టకటకా కొట్టుకున్నాయి. మా అమ్మాయి తెచ్చిన స్వెటర్ మీద ఇంకో స్వెటర్ వేసుకుని కారెక్కాను. అక్కణ్ణుంచి గంటన్నర ప్రయాణం. నల్లగా మసిపట్టిన రాతి ఇళ్లు, రాతి గోడల మధ్య గొర్రెలు, ఆ వెనకాల చెట్టన్నది లేని గోధుమరంగు గుట్టలు. వాటిని చూసి, "ఇవేం కొండలే, తగలబెట్టిన చేనులా ఉన్నాయి" అన్నాను. "ఆగస్టు దాకా ఆగమ్మా, అప్పుడు చెబుదువుగాని" అంది మా అమ్మాయి.

వాళ్లుండేది ఇంగ్లండులో యార్క్‌షైర్ పడమటి వైపు, కీత్లీ అనే ఊరికి దగ్గర్లో. ఆ పేరు ఇంగ్లీషులో రాసింది చూస్తే మనం కైగ్లీ అని చదువుతాం. వాళ్లు మాత్రం కీత్లీ అంటారు. అమ్మాయి అక్కడ ఆసుపత్రిలో డాక్టరు, అల్లుడు కంప్యూటర్ ఉద్యోగం ఇంట్లోంచే చేసుకుంటాడు. ఎనిమిదేళ్ల మనవరాలు. నేను వెళ్లడం అది రెండోసారి. మొదటిసారి 2022లో వెళ్లి మూడున్నర నెలలుండి జూలైలో తిరిగొచ్చాను.

ఇల్లు చేరిన మర్నాడు కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. నాకు మొక్కల పిచ్చి. వంటింటి గుమ్మం పక్కన గోడ వారగా ఒక మడి ఉండాలి. క్రితంసారి అందులో మోకాలెత్తు కూడా లేని ఏడు పొదలుండేవి, సన్న సన్నటి ఆకులతో, సరుగుడు కొమ్మలు విరిచి గుచ్చినట్టు. ఇప్పుడా మడిలో గులకరాళ్లు పోసున్నాయి.

"ఆ మొక్కలేమయ్యాయే?" అనడిగాను.

"చలికి పోయాయమ్మా" అంది అమ్మాయి, ఫ్రిజ్ వైపు తిరిగి.

నేనూ సరే అనుకున్నాను. అనుమానం వచ్చింది పక్కింటి పెద్దాయన వల్ల. ఎనభై ఏళ్లుంటాయి ఆయనకి. రోజంతా తోటలోనే ఉంటాడు. కంచెకి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకునేవాళ్లం. నాది బడిలో పాఠాలు చెప్పిన ఇంగ్లీషు, ఆయనది మాటల్లో సగం మింగేసే యార్క్‌షైర్ ఇంగ్లీషు. అయినా మొక్కల విషయానికి భాష అడ్డురాదు. మాటల్లో, ఆ ఏడు పొదలూ చలికి పోయాయట కదా అన్నాను. ఆయన నవ్వి, చెయ్యెత్తి గుట్టల వైపు చూపించాడు. అక్కడున్నదంతా అదే మొక్కట, హెదర్. నెలల తరబడి మంచు కింద ఉన్నా దానికేం కాదట.

మరి ఈ పెరట్లో ఏమైంది? మనవరాల్ని అడిగాను. పిల్లలకి దాచడం రాదు కదా. "అవి తాతయ్య పూలు అమ్మమ్మా. నువ్వు కట్ చేశావు కదా, అందుకే చచ్చిపోయాయి. నీకు చెప్పొద్దంది అమ్మ" అంది.

మావారు 2020 ఏప్రిల్లో పోయారు. గుండెపోటు. అప్పటికి మన దేశానికి విమానాలు ఆగిపోయాయి. మా అమ్మాయి ఆసుపత్రి డ్యూటీ మధ్యలో, కారులో కూర్చుని, ఫోన్లో తండ్రి ఆఖరి ప్రయాణం చూసింది. మా మరిది తలకొరివి పెడుతుంటే సిగ్నల్ పోయింది. అంతవరకూ నాకు తెలుసు. ఆ తర్వాత సంగతి మొన్నటిదాకా తెలీదు. ఆ రాత్రి గిన్నెలు తోముతూ చెప్పింది.

ఆ ఏడాది ఆగస్టులో ఒక రోజు రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి రాబుద్ధికాక హావర్త్ గుట్ట మీదికి వెళ్లిందట. కొండ మొత్తం ఊదారంగు. మనిషి లేడు. అక్కడ కూర్చుని, నాన్న పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చిందట. వచ్చే నెలలో నర్సరీకి వెళ్లి ఏడు మొక్కలు తెచ్చి గుమ్మం పక్కన వేసుకుంది. మరుసటి ఆగస్టులో పూశాయి.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే నువ్వింకెప్పుడూ మా పెరట్లో ఒక్క మొక్క కూడా ముట్టుకోవు కదమ్మా" అంది.

ఇంతకీ నేను చేసిందేమిటో మీకు చెప్పాలి. ఎవరింట్లోనైనా ఈ మొక్కుంటే నాలాంటి పెద్దవాళ్లు ఇదే తప్పు చేస్తారు.

క్రితంసారి వెళ్లినప్పుడు ఆ పొదలు నాకు తిండిలేని పిల్లల్లా కనిపించాయి. పూలు లేవు, ఆకులో పచ్చదనం అంతంతమాత్రం. అవి పూసేది వేసవి చివర్లో అని నాకేం తెలుసు? మన మల్లెపొదని చలికాలంలో మోడుచేస్తే ఎండలకి విరగబూస్తుంది కదా, అదే పద్ధతిలో కత్తెర తీసుకుని కాండం దాకా కత్తిరించేశాను. ఆ తర్వాత పోషణ. వాళ్లింట్లో కట్టెల పొయ్యి ఉంది, చలికాలం గది వెచ్చగా ఉండటానికి. దాని బూడిద బకెట్లకొద్దీ మూలన పడుంది. మా నాయనమ్మ కాకర పాదుకీ బీర పాదుకీ బూడిద చల్లేది. నేనూ వారం వారం చల్లాను. కోడిగుడ్డు పెంకులు పొడిచేసి వేశాను. అది చాలదన్నట్టు కొట్లో దొరికే కోడిపెంట గుళికలు కూడా. "భలే చూసుకుంటున్నానే నీ మొక్కల్ని" అని గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఆ పిల్ల ఏమనగలదు? నేను జూలైలో విమానమెక్కాను. ఆగస్టులో పువ్వు రాలేదు. చలికాలానికి ఏడూ ఎండిపోయాయి.

ఏడ్చి కూర్చుంటే లాభం లేదని మర్నాడే పక్కింటాయన దగ్గరికెళ్లాను. చేసిందంతా ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. లోపలికి వెళ్లి మట్టి పరీక్ష పెట్టె తెచ్చాడు. గాజుగొట్టంలో చెంచాడు మట్టి, కాస్త తెల్లపొడి, డిస్టిల్డ్ వాటర్, నాలుగు చుక్కల రంగు ద్రావణం వేసి గిలకొట్టి పది నిమిషాలు ఆగాలి. మట్టి కిందికి దిగి, పైన నీళ్ల రంగు తేలుతుంది. నారింజ, పసుపు రంగులొస్తే ఆమ్లం, అంటే పులుపు నేల. పచ్చగా వస్తే తటస్థం. ముదురాకుపచ్చ వస్తే సున్నం ఎక్కువున్న నేల.

ముందు గడ్డి దగ్గరి మట్టితో చేశాం. పసుపు, నారింజకి మధ్యలో వచ్చింది. పిహెచ్ 5 దగ్గర. తర్వాత గులకరాళ్లు తీసి ఆ మడిలో మట్టితో చేశాం. చక్కటి ఆకుపచ్చ. రెండు గొట్టాలూ పక్కపక్కన పెట్టి చూస్తుంటే నా నేరం నాకు రంగుల్లో కనబడింది. మట్టి కెలికితే ఇంకా గుడ్డు పెంకుల ముక్కలు తెల్లగా మెరుస్తున్నాయి.

హెదర్‌కి కావాల్సింది పిహెచ్ 4.5 నుంచి 6 లోపుండే నేల. పెన్నైన్ కొండల కింద ఇసుకరాయి. దాన్లో సున్నం ఉండదు. పైగా ఏడాది పొడవునా వాన. నేలలో ఉన్న కాస్తో కూస్తో సున్నాన్ని కూడా కడిగేస్తుంది. అందుకే అక్కడి నేల సహజంగానే పులుపు. అలాంటి నేలలో ఇనుము నీళ్లలో కరిగి వేళ్లకి అందుతుంది. బూడిదతోనో సున్నంతోనో పులుపు విరిస్తే మట్టిలో ఇనుముండీ మొక్కకి అందదు. ఆకు పసుపెక్కి మాడిపోతుంది.

ఇది వినగానే మా పుట్టింటి నిమ్మతోట గుర్తొచ్చింది. మా పల్నాడు నల్లరేగడిలో సున్నపు గుండ్లు తవ్వినకొద్దీ వస్తాయి. నిమ్మాకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే మా నాన్న అన్నభేది కలిపి పిచికారీ చేయించేవాడు. అన్నభేది అంటే ఇనుమే. అంటే మా నేలకి పుట్టుకతో ఉన్న జబ్బుని నేను బకెట్లతో మోసి పరాయిదేశం పెరట్లో పోశానన్నమాట!

ఇంకో సంగతి కూడా చెప్పాడాయన. హెదర్ వేళ్లు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి. వాటిలో ఒక రకం బూజు కాపురం ఉంటుంది. సారం లేని నేలలో, తిండి దొరకని చోట, మొక్కకి కావాల్సింది అదే సంపాదించి పెడుతుంది. అందుకని హెదర్‌కి ఎరువులక్కర్లేదు. బలమైన ఎరువు వేస్తే లాభంకన్నా చెరుపే ఎక్కువ. ముప్ఫై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పాను గానీ, ఆకలి లేనివాళ్లకి అన్నం కుక్కకూడదన్నది ఆ కంచె దగ్గరే నేర్చుకున్నాను.

ఆ ఆదివారం పని మొదలుపెట్టాం. అల్లుడు జానెడు లోతున మట్టి తవ్వి తీసేశాడు. తీసిన మట్టి పారెయ్యలేదు, అవతల కూరగాయల మడిలో పోశాం. క్యాబేజీకి ఆ సున్నం ఇష్టమట. ఖాళీ అయిన చోట గడ్డి కిందనుంచి తెచ్చిన మట్టి, చివికిన పైన్ బెరడు, పులుపు మొక్కల కోసం అమ్మే కంపోస్టు కలిపి నింపాం. పీట్ లేని కంపోస్టే కొనమని పక్కింటాయన మరీ మరీ చెప్పాడు. పీట్ అంటే బురదనేలల్లో వేల ఏళ్లుగా చివికీ చివకని నాచు. తోటలకోసం దాన్ని తవ్వేస్తే ఆ కొండలే పోతాయని ఆయన బాధ. కాస్త గంధకం పొడి కూడా కలిపాం. అయితే గంధకం వెయ్యగానే పనిచెయ్యదు. మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చాలి. చలిదేశంలో దానికి నెలలు పడుతుంది.

నర్సరీలో హెదర్లు కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఒకటుంది. అన్నీ ఒకటి కావు. చలికాలం పూసేవి కొన్నున్నాయి, అవి సున్నాన్ని బాగానే ఓర్చుకుంటాయి. లండన్ చుట్టుపక్కల సుద్దనేలల్లో ఉండే మనవాళ్లు అవే పెట్టుకోవడం మంచిది. వేసవిలో పూసే కల్లూనాకీ, గంటల్లాంటి పూలుండే బెల్ హెదర్‌కీ మాత్రం పులుపు నేల ఉండి తీరాలి. అట్లా లేకపోతే కుండీలో పులుపు కంపోస్టు వేసి పెంచుకోవచ్చు. నీళ్లు కూడా చూసుకోవాలి. లండన్ కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ, కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటుంది. అక్కడ వాననీళ్లు పట్టి పొయ్యాలి. యార్క్‌షైర్ కొండల నీళ్లు మెత్తన, ఆ బాధ లేదు. అసలు మట్టి సంగతి తెలుసుకోవడానికి సులువైన దారి పక్కవాళ్ల హైడ్రాంజియాలు చూడటం. పూలు నీలంగా ఉంటే నేల పులుపన్నమాట. మా పక్కింటాయనవి సిరా రంగు.

మళ్లీ ఏడు మొక్కలే తెచ్చాం. నాలుగు 'హెచ్.ఇ. బీల్' రకం, ముద్ద గులాబీ పూలు. మూడు 'ఫైర్‌ఫ్లై', పువ్వు ఊదా, ఆకు చలికాలంలో ఇటుకరంగు. మూరకి కాస్త తక్కువ ఎడంగా, ఎండ బాగా తగిలే వైపు, కింది ఆకులు మట్టికి ఆనేలా లోతుగా నాటాం. మొదటి వేసవంతా మట్టి ఆరనివ్వకూడదు. ఆ పని నాకు అప్పగించింది మా అమ్మాయి. అంటే నమ్మిందన్నమాట.

ఆగస్టు రెండో వారంలో హావర్త్ వెళ్లాం. కీత్లీ నుంచి బొగ్గు రైలుంది, ఎనిమిది కిలోమీటర్ల చిన్న లైను. 1970లో వచ్చిన 'ది రైల్వే చిల్డ్రన్' సినిమా తీసింది దాని మీదే. పొగ, ఈల, చెక్క సీట్లు, చిన్నప్పటి గుంటూరు ప్యాసింజర్ ఎక్కినట్టుంది. హావర్త్‌లో దిగితే రాళ్లు పరిచిన నిట్టనిలువు వీధి. పైకెక్కగానే చర్చి, సమాధులు, వాటికి ఎదురుగా బ్రాంటీ అక్కచెల్లెళ్ల ఇల్లు. 1928 నుంచి అది మ్యూజియం. ఎమిలీ బ్రాంటీ రాసిన 'వుదరింగ్ హైట్స్' 1847లో అచ్చయింది. మరుసటి ఏడాది డిసెంబరులో ఆమె పోయింది, ముప్ఫై ఏళ్లకే. వాళ్ల నాన్న పాస్టరు. 1820లో ఆరుగురు పిల్లలతో ఆ ఇంటికొచ్చి, భార్యనీ ఆరుగురు పిల్లల్నీ సాగనంపి, 1861 దాకా తను మాత్రం బతికాడు. ఆ మాట చదివాక నాకక్కడ ఎక్కువసేపు నిలబడాలనిపించలేదు.

ఇంటి వెనక సందులోంచి గుట్టల మీదికి దారి. ఎమిలీ కథలోని ఇంటికి చోటు చూపించిందని చెప్పుకునే టాప్ విదెన్స్ అనే శిథిలం దాకా నడవచ్చు. దారిచూపే బోర్డులు జపాను భాషలో కూడా ఉంటాయి, అంతమంది అక్కణ్ణుంచి వస్తారట. నా మోకాళ్లు అంత దూరం ఒప్పుకోలేదు. పెనిస్టన్ గుట్ట దాకా వెళ్లి రాయి మీద కూర్చున్నాను.

ఏప్రిల్లో తగలబడిన చేనన్నాను కదా. ఆ నోటితోనే చెబుతున్నాను, చూపు ఆనినంత మేర ఊదారంగు. మేఘం కదిలితే నీడ పడ్డచోట ముదురు వంగపండు రంగు, ఎండపడ్డచోట గులాబీ. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో పువ్వు మినపగింజంత కూడా లేదు. గాలికి సన్నటి తేనె వాసన. తేనెటీగల రొద. ఈ నెలలో పెంపకందార్లు పెట్టెలు మోసుకొచ్చి గుట్టల దగ్గర పెడతారు. ఆ తేనె సీసా ఒకటి కొన్నాను. తలకిందులు చేసినా కారదు, జున్నులా పట్టుకునుంటుంది. చెంచాతో కలిపితే జారుతుంది, కాసేపటికి మళ్లీ గట్టిపడుతుంది. మా మనవరాలికి అదో ఆట. పీట్ మీంచి వచ్చే వాగులో నీళ్లు మాత్రం టీ డికాషన్ రంగు.

మరో తమాషా విన్నాను. కల్లూనా అన్న పేరు 'ఊడ్చడం' అనే గ్రీకు మాటనుంచి వచ్చిందట. పూర్వం ఈ కొమ్మలతో చీపుళ్లు కట్టేవారు. ఇళ్లకి కప్పు వేసేవారు, పరుపుల్లో కూరేవారు. తెల్ల హెదర్ దొరికితే అదృష్టమంటారు. 1855లో స్కాట్లండులోని బాల్మోరల్ కొండ మీద ప్రష్యా రాకుమారుడు విక్టోరియా రాణిగారి పెద్దమ్మాయికి తెల్ల హెదర్ కొమ్మ ఇచ్చి పెళ్లి మాట ఎత్తాడు. ఇక ఈ గుట్టలు ఇలా చెట్లు లేకుండా ఉండటం కూడా మనిషి పనేనట. వేల ఏళ్ల కిందట అడవులు కొట్టేశారు. తర్వాత గొర్రెలు మేపుతూ, ముదురు పొదల్ని తగలబెడుతూ హెదర్‌ని నిలబెట్టుకొచ్చారు. ఎండాకాలం నిప్పు చేజారితే మాత్రం పీట్ కూడా అంటుకుంటుంది. 2019లో ఇక్కడికి దగ్గర్లోని ఇల్క్‌లీ గుట్ట అలాగే కాలింది.

మా అమ్మాయి కాస్త పక్కకి వెళ్లి ఒక రాతి దగ్గర నిలబడింది. నేను పిలవలేదు. ఆ చోటేనని అర్థమైంది. కాసేపటికి తనే వచ్చి నా పక్కన కూర్చుంది.

"నాన్నకి చూపిస్తే ఏమనేవాడమ్మా?"

"ఎకరానికి ఎంత దిగుబడి అనడిగేవారు" అన్నాను. పగలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది.

ఇంటికొచ్చేసరికి చీకటిపడలేదింకా. పెరట్లో ఏడింట్లో ఐదు పొదలు పూసున్నాయి. రెండు మొరాయించాయి. వచ్చే ఏడు చూద్దామన్నాడు పక్కింటాయన.

సెప్టెంబరు చివర్లో బయల్దేరేటప్పుడు ఒక మొక్క పట్టుకెళ్దామా అన్న ఆశ కలిగింది. మొక్కలూ మట్టీ అలా విమానంలో తెచ్చుకోకూడదు, దానికి అనుమతులు కావాలి. తెచ్చినా మా రేగడిలో, మే ఎండలో, దాన్ని చంపడం తప్ప నేను చెయ్యగలిగేదేముంది? ఒకసారి చేశాను కదా. మావారి ఫోటో దగ్గర పెడదామని ఫోన్లో తీసిన గుట్ట బొమ్మని నరసరావుపేటలో ఫ్రేమ్ కట్టించాను.

ఈ మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మాయి వీడియో కాల్ చేసింది. పెరట్లో మోకాళ్ల మీద కూర్చునుంది, చేతిలో కత్తెర. హెదర్‌ని కత్తిరించేది వసంతం మొదట్లో, అదీ నిరుడు పూసిన కొసల వరకే. కింద ఆకుల్లేని పాత కాండంలోకి పోతే మళ్లీ చిగురెయ్యదు.

"ఇక్కడికా అమ్మా?"

"ఇంకా పైకి. పచ్చ కనబడుతోందా? దాని మీదే. అదీ, అక్కడ ఆపు" అన్నాను.

ఏడూ అయ్యేదాకా ఫోన్ పెట్టెయ్యలేదు మేం.